అందించని మాట

వసతిగృహం, రెండో అంతస్తు, కిటికీ పక్క బల్ల
జూలై 9

మామయ్యకు,

నమస్కారాలు. ఫోన్ చేస్తే నువ్వు 'ఊఁ' కొడతావు, నేను ఊపిరి తీసుకోకుండా మాట్లాడతాను, పెట్టేశాక ఇద్దరికీ ఏమీ గుర్తుండదు. కాగితం మీదైతే నీ వంతు నీకు వస్తుందని ఈ ఉత్తరం.

విషయానికి వస్తాను. కళాశాలల మధ్య జరిగే డిబేట్ పోటీకి ఈ ఏడాది ఫైనల్ అంశాన్ని ముందే ప్రకటించారు: 'విషాద నాటకంలో నాయకుణ్ణి చెడగొట్టేది అతని ఆకాంక్షే.' ఫైనల్ డిసెంబర్‌లో. అక్కడిదాకా వెళితే మా కళాశాల ఈ మాటను సమర్థించాలి. చదవగానే నాకు ఒళ్ళు మండింది. ఆకాంక్షే లేకపోతే ఆ నాయకుడు మొదటి అంకంలోనే ఇంటికి వెళ్ళి దుప్పటి కప్పుకుని పడుకుంటాడు, జనం కుర్చీలు వదిలి లేచిపోతారు. అతణ్ణి పైకి తెచ్చిన గుణం ఏదో, అతను కింద పడగానే నేరమంతా దాని నెత్తిన రుద్దడం విమర్శకుల సోమరితనం. నేను నమ్మనిదాన్ని నేనే సమర్థించాలి. చేస్తాను, చేయలేక కాదు. కానీ సరుకు కావాలి.

నువ్వు ముప్పై ఏళ్ళుగా తెర పక్కన స్టూలు మీద కూర్చుని, నటులు మరిచిపోయిన మాటలు అందించే ప్రాంప్టర్‌వి. మీ కంపెనీ ఆడే ఆ రాజప్రతినిధి నాటకం నీకు మొదటి గంట నుంచి చివరి తెర దాకా కంఠతా వచ్చు. అతను ఎక్కడ చెడ్డాడో చూసి చెప్పు.

ఇంకొక సంగతి. మా జట్టులో ఇద్దరం. నా జోడీ నా గదిలోనే ఉంటుంది. నన్ను కళాశాలంతా 'కత్తెర' అంటుంది, ఆమెను 'నిదానం' అంటుంది. ఎందుకో నీకు చెప్పనక్కర్లేదు. మాకు తర్ఫీదు ఇచ్చే మాస్టారు ఆమెను మొదటి వక్తను చేశారు. ఆరంభం ఆమెది, ముగింపూ ఆమెదే. రెండో వక్త మధ్యలో కాసేపు మాట్లాడి, మిగతా సమయమంతా పక్కన కూర్చుని, అవతలివాళ్ళ మాటల్లో లొసుగులు పట్టి చీటీల మీద రాసి అందించాలి. అంటే నేను నీ ఉద్యోగం చేస్తున్నానన్నమాట.

నీ మేనకోడలు


రంగస్థలం, కుడి పక్క తెర వెనక
జూలై 22

వకీలమ్మకు,

ఆశీస్సులు. నా ఉద్యోగం చేస్తున్నానని ఎంత బాధగా రాశావంటే, నేనేదో శిక్ష పడి ఇక్కడ ఉన్నానేమోనని ఒకసారి చుట్టూ చూసుకున్నాను. స్టూలుకి ఒక కాలు పొట్టి, దాని కింద మడిచిన అట్ట ముక్క ఉంది. అంతకుమించి కష్టమేమీ లేదు.

నువ్వడిగినది. రాజు చనిపోతూ, పసివాడైన కొడుకునీ రాజదండాన్నీ తన స్నేహితుడి చేతిలో పెడతాడు. 'వీడికి పదహారేళ్ళు వచ్చేదాకా' అంటాడు. స్నేహితుడు ప్రమాణం చేస్తాడు. మొదటి అంకంలో సింహాసనం పక్కన నిలబడతాడు. రెండో అంకంలో పొద్దుటి నుంచి నిలబడి కాళ్ళు నొప్పి పుట్టి, కింది మెట్టు మీద కూర్చుంటాడు. చూసేవాళ్ళు అయ్యో పాపం అనుకుంటారు. తర్వాత పై మెట్టు. మూడో అంకంలో ఒక ముసలి సైనికుడు వచ్చి, 'ఈ ఆజ్ఞ ఎవరిది?' అని అడుగుతాడు. అప్పటికి అతను సింహాసనం మీదే ఉన్నాడు. ఎప్పుడు ఎక్కాడో ఎవరూ చూడలేదు, ఎందుకంటే ఎక్కే ఘట్టం నాటకంలో లేదు. అతను ఆగుతాడు. చాలాసేపు ఆగి, 'నాది' అంటాడు. అంతే. ఆ తర్వాత రెండు అంకాల్లో పిల్లవాడు చనిపోయినా, కోట తగలబడినా, అవన్నీ ఆ ఒక్క మాట వెనక నడిచి వచ్చినవే.

అతను ఎక్కడ చెడ్డాడంటే నేను చెప్పలేను. ఏ మెట్టు దగ్గరా 'నేనిప్పుడు చెడిపోతాను' అనుకున్నట్టు కనిపించడు.

నా పనిలో చెప్పగలిగింది ఒక్కటే ఉంది. ఆగినవాడికీ మరిచిపోయినవాడికీ తేడా. ఆగినవాడి చూపు ఎదుటివాడి మీద ఉంటుంది. మరిచిపోయినవాడి చూపు తన కాళ్ళ ముందు నేల మీదికి జారుతుంది. ఆగినవాడికి మాట అందిస్తే ఆట చెడుతుంది, మరిచిపోయినవాడికి అందించకపోతే మనిషి చెడతాడు. ఈ తేడా తెలియడానికి నాకు మూడేళ్ళు పట్టింది.

ఆ వేషం నేనూ వేశానులే, ముప్పై రెండో ఏట, నాలుగు ఆటలు. గొంతు పాడై మళ్ళీ స్టూలు మీదికి వచ్చాను. వేషం అసలు మా కంపెనీ ప్రధాన నటుడు పెద్దాయనది. హాలు వెనక రెండో వీధిలో ఉంటాడిప్పుడు, కళ్ళు సరిగ్గా కనపడవు. సాయంత్రాలు వెళ్ళి పేపరు చదివి పెడుతుంటాను.

మామయ్య


వసతిగృహం, అదే బల్ల
ఆగస్టు 14

మామయ్యకు,

నీ మెట్ల వాదన చూడ్డానికి బాగుంది, ఒప్పుకోవడానికి లేదు. నొప్పి కాళ్ళదైతే నేరం ఆకాంక్షది ఎలా అవుతుంది? అతనికి ఆ పక్కన ఒక కుర్చీ వేసి ఉంటే నాటకమే లేదు. నేను అవతలి పక్షంలో ఉంటే ఈ ఒక్క ప్రశ్నతో నిన్ను బోనులోంచి దించేదాన్ని.

అయినా నీ ఉత్తరం నిదానానికి చదివి వినిపించాను. ఆమె అరగంట సేపు తలగడ గలీబుకి గుండీ కుడుతూ కూర్చుంది. కుట్టడం అయ్యాక, 'అతను నిర్ణయం తీసుకోడు, ఆలస్యం చేస్తాడు. అంతే కదా మీ మామయ్య చెప్పింది?' అంది. నువ్వు పేజీన్నర రాసినదాన్ని ఆమె గుండీతో పాటు బిగించేసింది. నాకు అసూయ కలిగిందని రాస్తే నువ్వు నమ్మవు, అందుకని రాయను.

మేం పోట్లాడుకోవడం లేదు. ఆమె అంటుంది: 'నువ్వు మాట్లాడుతుంటే కుక్కర్ కూతలా ఉంటుందే. ఆవిరంతా పోయాక మూత తీసి లోపల ఏమైనా ఉడికిందో లేదో చూసుకోవాలి.'

'నువ్వు మాట్లాడుతుంటే కుళాయి కింద బక్కెట్టు పెట్టుకుని నిలబడ్డట్టుంటుంది. చుక్క పడుతుందా, పడదా అని.'

'పడిందా లేదా?'

'పడింది. నాకు జుట్టు నెరిశాక.'

ఇలా సాగుతోంది. మాస్టారు నవ్వుకుంటారు. ఆయన వచ్చే ఏడు ఉద్యోగ విరమణ చేస్తారు. ఫైనల్లో మొదటి వక్తగా నిలబడినవాళ్ళ పేరు విశ్వవిద్యాలయ జట్టుకు ఆయనే పంపుతారు. ఒక్క పేరే. అది నాకు ఎంత కావాలో నీకు తెలుసు కనుక వివరించను. నిదానానికి ఆ సంగతి పట్టినట్టే లేదు. పట్టనివాళ్ళకే అన్నీ ఎందుకు దొరుకుతాయో నీ నాటకాల్లో ఎక్కడైనా రాశారా?

ఇక నా అసలు ప్రశ్న. గొంతు పాడైందా? ఆ నాలుగు ఆటలకీ అమ్మ వచ్చిందట. నీ గొంతు గంటలా మోగిందంటోంది. సాక్షి ఒకటి చెబుతోంది, ముద్దాయి ఒకటి చెబుతున్నాడు. ఏది నిజం?

నీ మేనకోడలు


పెద్దాయన ఇంటి వరండా
ఆగస్టు 30

వకీలమ్మకు,

మీ అమ్మకి తమ్ముడు దగ్గినా గంట మోగినట్టే ఉంటుంది. ఆ సాక్షి చెల్లదు.

పెద్దాయన కునుకు తీస్తుంటే ఇది రాస్తున్నాను. కళ్ళజోడు ఎక్కడ పెట్టాడో పొద్దున మూడుసార్లు మరిచిపోయాడు. మూడో అంకం మాత్రం ఇప్పటికీ పొల్లుపోకుండా చెబుతాడు. నేను పక్కన ఉండాలి, అంతే. ఉన్నానా లేదా అని మధ్యమధ్య చేత్తో తడిమి చూసుకుంటాడు.

చీటీల గురించి నాకు తెలిసింది చెబుతాను, పనికొస్తే వాడుకో. చీటీ మీద వాక్యం రాయకు. వాక్యం రాస్తే మాట్లాడేవాడు చదవడం మొదలుపెడతాడు, ఆ చదివే మొహం హాలంతటికీ తెలిసిపోతుంది. ఒక్క మాట రాయి. సరైన మాటైతే మిగతా వాక్యం దాని వెనకే లేచి వస్తుంది. ఇంకొకటి. ఆ మాట కాగితం మీద పెట్టిన క్షణం నుంచి అది నీది కాదు. నీ తెలివీ కాదు, నీ వాదనా కాదు. మాట్లాడేవాళ్ళది. మా పనిలో జీతం దీనికే ఇస్తారు.

మిగిలిన ప్రశ్నకి జవాబు లేదు. గొంతు పాడైంది.

మామయ్య


వసతిగృహం
అక్టోబర్ 12

మామయ్యకు,

సెమీఫైనల్ గెలిచాం. న్యాయ కళాశాల కుర్రాళ్ళు ఇద్దరు, కోట్లు వేసుకుని వచ్చారు, ఆ ఉక్కలో అదే వాళ్ళు చేసిన మొదటి తప్పు. అంశం నగరంలో సొంత కార్లను ఆపేయడం గురించి. ఆపకూడదని వాళ్ళ వాదన, ఆపాలని మాది. ఒకడు జనం అలవాట్లు మార్చుకోరు అన్నాడు. పది నిమిషాల తర్వాత రెండోవాడు, ఆపే బదులు కార్ల మీద పన్ను వేయండి, జనం నెల రోజుల్లో అలవాటు పడతారు అన్నాడు. వాళ్ళ గొయ్యి వాళ్ళే తవ్వుకున్నారు. మట్టి పోయడమే తరువాయి.

ముగింపు నిదానానిది. ఆమె మట్టి దాకా వచ్చింది. 'అవతలి పక్షం తన మాటను తానే కొట్టేసుకుంది. అదెలాగంటే' అని ఆగిపోయింది. పదకొండు సెకన్లు. ఆమె ఎప్పుడూ ఆగి మాట్లాడుతుంది కనుక మొదట ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత ఎవరో కుర్చీ కదిపారు, అంతటితో అందరికీ తెలిసిపోయింది. ఆమె ఆ పాయింటు వదిలేసి ఇంకేదో చెప్పి కూర్చుంది. నేను పక్కనే ఉన్నాను, కానీ అంతా చాలా వేగంగా జరిగిపోయింది. ముగ్గురు న్యాయనిర్ణేతల్లో ఇద్దరు మా వైపు మొగ్గారు. అదీ అదృష్టం.

మాస్టారు బస్సులోనే తేల్చేశారు: 'ముగింపు తడబడింది. ఫైనల్లో వరుస మారుద్దాం.' మొదటి వక్తను నేను. నేను అడగలేదు. నా తరఫున ఎవరూ అడగలేదు. అర్హత దానంతట అది తోవ వెతుక్కుంది, ఇందులో నేను సిగ్గుపడవలసినదేమీ కనిపించదు.

నిదానం కిటికీ పక్కన కూర్చుంది. బిస్కెట్ల పొట్లం విప్పి సగం నా ఒళ్ళో పెట్టింది. 'మాట నాలుక చివర్నే ఉందే. నీ పాయింటు పాడుచేశాను. సారీ' అంది. ఫరవాలేదన్నాను.

ఇప్పుడు నాకు మంచి ముగింపు కావాలి. నీ రాజప్రతినిధి గురించి ఇంకా ఏమైనా ఉంటే పంపు. తొందరగా.

నీ మేనకోడలు


రంగస్థలం, స్టూలు
అక్టోబర్ 20

అమ్మడూ,

పదకొండు అని నీకెలా తెలుసు?

మరిచిపోయినవాళ్ళకి కాలం తెలియదు, వాళ్ళు నీళ్ళలో ఉంటారు. వినేవాళ్ళు లెక్కపెట్టరు, వాళ్ళకి అది కొంచెంసేపో చాలాసేపో, అంతే. అంతా వేగంగా జరిగిపోయిందని కూడా నువ్వే రాశావు. రెండూ ఒకే మనిషికి జరగవు. అంకెలతో సహా లెక్క తెలిసేది ఒక్కళ్ళకే. మాట చేతిలో పట్టుకుని కూర్చున్నవాళ్ళకి.

నాది పంతొమ్మిది.

ఇరవై ఏడేళ్ళ కిందట, వానాకాలం. వేరే ఊళ్ళనుంచి కంపెనీ పెద్దలు చూడ్డానికి వచ్చిన ఆట. పెద్దాయనకి అప్పుడు నలభై ఆరు. ముసలి సైనికుడు 'ఈ ఆజ్ఞ ఎవరిది?' అన్నాడు. పెద్దాయన ఆగాడు. ఎప్పుడూ ఆరు లెక్కపెట్టేంత ఆగుతాడు. ఏడు దాటాక ఆయన చూపు నేల మీదికి జారింది. ఒక్క మాట మరిచిపోతారా అంటావేమో. పొడుగు మాటైతే అటూ ఇటూ ఉన్నవి పట్టుకుని ఈదొచ్చు. ఒక్క మాటకి పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

పుస్తకం నా ఒళ్ళో తెరిచి ఉంది. వేలు ఆ మాట కింద ఉంది. నేను ఇవ్వకూడదని అనుకోలేదు. ఇంకొక్క అంకె చూద్దాం, బహుశా ఆగాడేమో అనుకున్నాను. ఆ తర్వాతా అదే అనుకున్నాను. ఆగలేదని నాకు ఏడు దగ్గరే తెలుసు. ఆ వేషం మొత్తం నాకు వచ్చని కంపెనీలో అందరికీ తెలుసు, అదీ నాకు తెలుసు. పంతొమ్మిది దగ్గర మేనేజరు తెర దించేశాడు.

వారం తిరక్కుండా వేషం నాకొచ్చింది. స్టూలు మీద ఎవరు కూర్చోవాలంటే పెద్దాయనే కూర్చుంటానన్నాడు. నాలుగు ఆటలూ ఆయనే నాకు మాటలు అందించాడు. నాకు అవసరం లేని చోట కూడా, పెదాలు కదుపుతూ, ఒక్కటి తప్పకుండా. 'నాది' అన్న ప్రతిసారీ ఆయన అది నాకంటే అరక్షణం ముందు అన్నాడు. అయిదో ఆటకి గొంతు పాడైందని చెప్పేశాను. మీ అమ్మ చెవులు మంచివే.

ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నీకు ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, నువ్వు ఇంకా కింది మెట్టు మీదే ఉన్నావేమోనని.

మామయ్య


గ్రంథాలయం, పత్రికల గది
నవంబర్ 2

మామయ్యకు,

ఉత్తరం చదివి పది రోజులు నీ మీద కోపంతో ఉన్నాను. మొదట అనుకున్న జవాబు ఇది: అందించడం నా బాధ్యతే కావచ్చు, మరిచిపోవడం మాత్రం ఆమె సొంతం. నేనేమీ లాక్కోలేదు. అబద్ధమాడలేదు. చేయి కదపలేదు, అంతే. చేయి కదపకపోవడాన్ని ఏ న్యాయస్థానమూ నేరమనదు. రాసి చూసుకున్నాను. వాదన గట్టిగానే ఉంది. చింపేశాను.

చీటీ ఉంది. నువ్వు చెప్పినట్టే ఒక్క మాట రాశాను: 'అలవాటు'. ఆమె ఆగకముందే రాశాను. నా అరచేతి కింద, బల్ల మీద, ఆమె చేతికి జానెడు దూరంలో ఉంది. మొదటి మూడు సెకన్లు ఆమె సహజంగా ఆగిందనుకున్నాను. ఇది నిజం. ఆ తర్వాత ఎనిమిది గురించి నేను నిజంగా ఏమీ అనుకోలేదు, మాస్టారు మొహం చూస్తున్నాను. ఇప్పుడు ఆ చీటీ నా నిఘంటువులో పేజీల మధ్య ఉంది. పారేయలేదు. ఎందుకు పారేయలేదో నువ్వే తేల్చు, నువ్వు ఇలాంటివి బాగా పసిగడతావు.

అయితే ఒక అభ్యంతరం. నువ్వు ఒప్పుకున్నది ఎవరి దగ్గర? నా దగ్గర. నీకు ఏ హానీ చేయలేని, ఆరు గంటల ప్రయాణం దూరంలో ఉన్న మేనకోడలి దగ్గర. ఎవరి మాట ఆపావో ఆ మనిషికి రోజూ సాయంత్రం పేపరు చదివి పెడుతూ, వాతావరణ సూచనతో సహా అన్నీ వినిపించి, ఆ ఒక్కటీ మింగేసి లేచి వస్తున్నావు. పంతొమ్మిది సెకన్లని రాశావు. తప్పు లెక్క. ఇరవై ఏడేళ్ళు. ఆ మాట ఇంకా నీ దగ్గరే ఉంది, నువ్వింకా అందించలేదు. నాకు పాఠం చెప్పే హక్కు నీకు అప్పటిదాకా లేదు.

నువ్వు ఆయనకు చెప్పు. నేను ఆమెకు చెబుతాను. ఒప్పందం.

ఫైనల్ అయ్యాక చెబుతాను. ఇప్పుడు చెబితే జట్టు చెదురుతుంది, ఆమె మనసు చెదురుతుంది. ఇది సాకు కాదు, ఏర్పాటు.

నీ మేనకోడలు


హాలు వెనక రెండో వీధి
నవంబర్ 19

అమ్మడూ,

చెప్పాను. నిన్న సాయంత్రం. పేపరు మడిచి పక్కన పెట్టి, పంతొమ్మిది లెక్కతో సహా చెప్పాను. నువ్వు తిట్టావని కూడా చెప్పాను.

ఆయన కాఫీ గ్లాసు కోసం తడుముకున్నాడు. చేతికి అందించాను. రెండు గుక్కలు తాగాక అన్నాడు: 'నాకు తెలుసురా.'

గ్లాసు పక్కన పెట్టి మళ్ళీ అన్నాడు:

'నేను నేల చూపు చూస్తే నీకు కనిపించింది. నీ వేలు పుస్తకం మీదుంటే నాకు కనపడదా? ఎదురుగా లైటు నీ మీదే పడుతోంది.'

'మరి అప్పుడే ఎందుకు అడగలేదు?'

'అడిగితే ఏమయ్యేది? నిన్ను పంపించేసేవాళ్ళు. ఇంకొకడొచ్చేవాడు, ఆవలింతలు తీస్తూ. నాకేమో మరుపు మొదలైంది, అది నాకు ముందే తెలుసు. నువ్వు నాలుగు ఆటలాడి దిగిపోయి స్టూలు మీదికొచ్చావు. ఆ రోజు నుంచి నువ్వు రెప్ప వేయడం నేను చూడలేదు. నేను నోరు తెరవకముందే మాట వచ్చి చెవిలో పడేది. భయపడ్డ ప్రాంప్టర్ కంటే మంచి ప్రాంప్టర్ ఎక్కడ దొరుకుతాడురా? నా చివరి పద్నాలుగేళ్ళూ నీ పుణ్యమే. ఇంకో రెండు వేషాలు నీకిస్తామన్నారు కంపెనీవాళ్ళు, నేనే వద్దన్నాను. వాడికి గొంతు నిలవదు అన్నాను.'

ఇదంతా మామూలుగా, వాన పడుతుందా అని అడిగేవాడిలా చెప్పాడు. తర్వాత, 'ఆ రెండో పేజీ మిగిలింది కదా, చదువు' అన్నాడు.

చదివాను. ఏం చేయను చెప్పు. ఇంతకాలం ఆ నాటకంలో చెడినవాణ్ణి నేననుకున్నాను. ఆయన నాటకంలో కూడా నాకు స్టూలే ఇచ్చాడు. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుని 'నాది' అని ఒకసారి పైకి అన్నాను. గొంతు బాగానే ఉంది.

రేపు వెళ్ళను. ఎల్లుండి వెళతానేమో. ఆయనకి ఎవరో ఒకరు చదివి పెట్టాలి కదా అని ఒకవైపు, ఇక చాలని ఇంకోవైపు.

నా వంతు అయింది. నువ్వు ఫైనల్ అయ్యాక అన్నావు. దాన్ని ఏర్పాటు అన్నావు. రాజప్రతినిధి కూడా మొదట పదహారేళ్ళు వచ్చేదాకా అనే ప్రమాణం చేశాడు.

మామయ్య


వసతిగృహం, రెండో అంతస్తు
డిసెంబర్ 6

మామయ్యకు,

ఫైనల్ మొన్న జరిగింది. గెలిచాం, ముగ్గురు న్యాయనిర్ణేతలూ మా వైపే. ఉత్తమ వక్తగా నా పేరు పిలిచారు. ఎలా గెలిచామో రాస్తాను. వాదించకుండా రాయడానికి ప్రయత్నిస్తాను, అలవాటు లేదు కనుక తప్పులుంటే సర్దుకో.

నీ ఉత్తరం అందాక చెప్పాలనే అనుకున్నాను. ఆ శనివారం ఆమెకు జలుబు. ఆ తర్వాతి వారం ఇంటి నుంచి వాళ్ళ అక్క వచ్చింది. ఆ తర్వాత ఫైనల్‌కి నాలుగు రోజులే ఉంది. ప్రతిదీ సబబైన కారణమే.

ఆమె నా పక్కన కూర్చుని చీటీలు అందించింది. నీకంటే బాగా అందించిందని చెప్పవచ్చు. అన్నీ ఒక్కొక్క మాటే. నేను ముగింపులో నీ మెట్ల సంగతి చెప్పాను. ఆకాంక్ష నాయకుడి చేత నేరం చేయించదు, నేరానికి ఎదురుచెప్పాల్సిన క్షణాన్ని కాస్త వాయిదా వేయిస్తుంది, ఆ వాయిదాల మొత్తమే పతనం అన్నాను. ఆ వాక్యంలో ఎముక నిదానానిది, బట్టలు నావి. అప్పుడు అవతలి అమ్మాయి లేచింది. 'ఇది నాటకంలో నడుస్తుంది. మనుషుల్లో ఇలా జరుగుతుందనడానికి ఒక్క ఉదాహరణ చెప్పండి. ఎవరిది?' అని అడిగింది.

అలాంటి ప్రశ్న వస్తుందని మేం గదిలో ఒక ఉదాహరణ తయారుచేసుకున్నాం. స్నేహితురాలికి జ్వరమని ఒకరోజు దొంగ హాజరు వేసి, ఏడాదంతా అందరికీ వేసే దాకా వచ్చిన తరగతి ప్రతినిధి కథ. అది నాకు గుర్తు రాలేదు. రెండు సెకన్లు కూడా గడవలేదు, నిదానం చీటీ నా చేతి కిందికి జరిపింది. 'హాజరు' అని రాసి ఉంది. నేను చూశాను. చదివాను. పక్కకి పెట్టాను.

'ఉదాహరణ నాది' అన్నాను.

సెమీఫైనల్, చీటీ, పదకొండు సెకన్లు, బిస్కెట్లు, అంతా చెప్పాను. అరచేయి బల్ల మీద ఎలా పెట్టానో పెట్టి చూపించాను. నా గొంతు ఎక్కడ తగ్గాలో అక్కడ తగ్గింది. చివర, 'ఆకాంక్ష నన్ను చెడగొట్టిందా అని మీరడిగితే, ఏ సెకనులో అని నేనడుగుతాను, ఎందుకంటే నాకు కనిపించలేదు' అని కూర్చున్నాను. హాలులో అందరూ లేచి నిలబడ్డారు. నేను నిదానం వైపు చూడలేదు. కలం మూత పెట్టిన చప్పుడు మాత్రం విన్నాను.

బస్సు కోసం హాలు బయట మెట్ల మీద కూర్చున్నాం. గెలిచిన కప్పు మా ఇద్దరి మధ్య ఉంది. మాస్టారు ఫోన్‌లో ఎవరికో నా పేరు అక్షరం అక్షరం చెబుతున్నారు.

'మన మంచాల మధ్య ఎంత దూరం?' అంది నిదానం.

'మూడడుగులు.'

'ఎనిమిది వారాలు అక్కడే ఉన్నాను. నువ్వు నాకు తలనొప్పి మాత్ర ఇచ్చావు, దుప్పటి ఇచ్చావు. ఇది ఇవ్వలేదు. మైకు దొరికాక ఇచ్చావు.'

'చెప్పాలనే...'

'నాకు చెప్పావా, జడ్జీలకు చెప్పావా?'

'నీకే' అనబోయాను. నోరు తెరిచాను కూడా. ఆమె చేయెత్తి ఆపింది.

'వెంటనే చెప్పకు. నువ్వు వెంటనే చెప్పేవన్నీ బాగుంటాయి. ఆలోచించి చెప్పు. నేను లెక్కపెడతాను.'

ఒకటి, అంది. నవ్వడం లేదు, కోపంగానూ లేదు. తన పద్ధతిలోనే, ఒక్కో అంకెకీ మధ్య చోటు వదిలి లెక్కపెట్టింది. నేను నిజంగా వెతికాను, మామయ్యా. లేచి నిలబడినప్పుడు నా మనసులో ఉన్నది ఆమె మొహమా, కప్పా అని. రెండూ ఉన్నాయి. ఏది ముందుందో తెలియలేదు. పదకొండు వచ్చింది. ఆమె నా వైపు చూసి, పన్నెండు అంది.

మాస్టారి దగ్గరికి వెళ్ళి, విశ్వవిద్యాలయ జట్టుకి నా పేరు పంపవద్దని చెప్పాను. ఆయన ఫోన్ చేత్తో మూసి, 'అప్పుడే పంపేశాను. అయినా అంత నిజాయితీ చూపించాక నిన్ను కాక ఎవరిని పంపుతానమ్మా' అన్నారు. తిరిగి వచ్చి ఆమెకు ఆ మాట చెప్పాను. తలాడించింది. అరవై మూడు, అంది.

బస్సు వచ్చేసరికి నూట నలభై దగ్గర ఉంది. ఆమె ముందు ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. పక్క సీటు మీద సంచి పెట్టలేదు. నేను వెళ్ళి కూర్చున్నాను. కప్పు ఎక్కడ పెట్టాలో తెలియక కాళ్ళ దగ్గర పెట్టాను.

నూట నలభై ఒకటి, అంది.

నీ మేనకోడలు